అల్ హమ్రా తోటలు - గోల్కొండ బావులు

అందలుస్ పేరు వినగానే నిట్టూర్చని ముస్లిం పాఠకుడు అరుదు. గర్నాతా నగరం, అందులోని అల్ హమ్రా కోట, ఆ కోటలోని తోటలు, నీటి కుండాలు - వీటిని గురించి మనం చదివే రచనలలో విలాపమే ఎక్కువ. పోయిన రాజ్యాన్ని తలచుకుని కంటతడి పెట్టడం తప్పు కాదు. అయితే ఆ తోటలకు నీరు ఎక్కడి నుండి వచ్చింది, దానిని ఎవరు తెచ్చారు, రాజ్యం పోయి అయిదు వందల ఏళ్ళు దాటినా అక్కడ నీరు ఎందుకు పారుతున్నది అనే ప్రశ్నలను మనం అంతగా వేసుకోలేదు. ఈ వ్యాసం ఉద్దేశం ఆ ప్రశ్నలు వేసుకోవడమే.

ఒక రాత్రి ఇషా నమాజు తరువాత కె. కోటపాడులో మా నలుగురి మధ్య ఇదే ప్రస్తావన వచ్చింది. అల్ హమ్రా బొమ్మలున్న పుస్తకం ఒకటి చేతులు మారుతున్నది. అంతా విన్న మా పెద్దాయన ఒకరు, "గర్నాతా సరే నాయనా, మన గోల్కొండ గుట్ట మీదికి నీళ్ళెలా ఎక్కాయో మీలో ఎవరైనా చూశారా?" అని అడిగారు. ఎవరమూ చూడలేదు. గర్నాతా వెళ్ళే స్తోమత మాకు లేదు. గోల్కొండ వెళ్ళగలం. ఒక వ్యాను మాట్లాడుకుని, వెనుక సీట్లు తీసి పరుపులు పరచి, పొయ్యీ బియ్యమూ వేసుకుని ఎనిమిదిమందిమి బయలుదేరాము.

కోటపాడు నుండి హైదరాబాదుకు దాదాపు 600 కిలోమీటర్లు. ఇది మనకు పరాయి దారి కాదు. మా ప్రాంతం చికాకోల్ సర్కారులో భాగంగా గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో వుండేది. వారి ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు నేటికీ శ్రీకాకుళంలో వున్నది. మేము వెళ్ళే దారిలోనే రాజమహేంద్రవరంలో 1324 నాటి శాసనం గల మసీదు వున్నది. అక్కడ అసర్ నమాజు చేసి, రాత్రి వ్యానులోనే పడుకుని, మరునాడు గోల్కొండ చేరాము.

గోల్కొండలో బాలా హిసార్ శిఖరం సుమారు 120 మీటర్ల ఎత్తున వుంటుంది. మెట్లెక్కుతున్నప్పుడు గోడలలో పొదిగిన మట్టి గొట్టాలు అక్కడక్కడ బయటపడి కనిపిస్తాయి. దిగువ తొట్టిలోని నీటిని ఎద్దులు తిప్పే చక్రాలతో ఒక మెట్టు పైనున్న తొట్టికి, అక్కడ నుండి ఆ పై తొట్టికి, ఇలా అంచెలంచెలుగా ఎక్కించేవారు. పైకి చేరిన నీరు గొట్టాల గుండా మహళ్ళకూ స్నానశాలలకూ తోటలకూ దిగేది. కోటకు మంచినీరు దుర్గం చెరువు నుండి వచ్చేది. మాతో వచ్చిన రైతు ఒకరు ఆ గొట్టాన్ని తడిమి చూసి, "ఇది రాజుల పని కాదు భాయ్, ఎద్దుల పని, కుమ్మరి పని" అన్నాడు. చరిత్ర పుస్తకాలలో తరచుగా కనిపించని మాట అది.

ఇప్పుడు అల్ హమ్రా సంగతి చూద్దాం. యూరపువారు మూర్ అని పిలిచినది అందలుస్, మగ్రిబ్ ముస్లిములను. వారు తమను తాము ఆ పేరుతో పిలుచుకోలేదు. నస్రీ వంశ స్థాపకుడు ముహమ్మద్ ఇబ్నుల్ అహ్మర్ 1238లో గర్నాతాలో ప్రవేశించి సబీకా గుట్ట మీద కోట నిర్మాణం ఆరంభించాడు. గుట్ట మీద నీరు లేదు. అందుకని మహలుకన్నా ముందు కాలువ ఆలోచన చేశాడు. దర్రో నదికి ఎగువన, సుమారు 6 కిలోమీటర్ల దూరంలో ఆనకట్ట వేసి, కొండ వాలు వెంబడి కాలువ తవ్వించి నీటిని గుట్ట మీదికి తెచ్చాడు. స్పెయినువారు దానిని నేటికీ రాచకాలువ అనే అర్థం గల పేరుతో పిలుస్తారు. యూసుఫ్ 1 (1333-1354) కాలపు కొమారెస్ మహలులోని కుండమూ, ముహమ్మద్ 5 కట్టించిన పన్నెండు సింహాల ప్రాంగణమూ, పక్క గుట్ట మీది జన్నతుల్ ఆరిఫ్ ఉద్యానమూ ఆ ఒక్క కాలువ బిడ్డలే.

దివ్య ఖుర్ఆన్ స్వర్గాన్ని క్రింద సెలయేళ్ళు ప్రవహించే వనాలుగా వర్ణిస్తుంది. ఆ భావం ఈ తోటలలో వున్నదనడంలో సందేహం లేదు. కాని ఆ సుల్తానులు తమ గోడలనిండా చెక్కించిన వాక్యం, విజేత అల్లాహ్ తప్ప మరెవరూ కారని చెప్పేది. తోటను చూసి యజమానిని పొగడవద్దన్న హెచ్చరిక అది. పైగా మనం బొమ్మలలో చూసే తోట అంతా ఆనాటిది కాదు. జన్నతుల్ ఆరిఫ్‌లో ఇరువైపుల నుండి ఎగజిమ్మే నీటిధారలు తరువాతి కాలంలో చేర్చినవి. 1958లో అక్కడ అగ్నిప్రమాదం జరిగిన తరువాత తవ్వి చూడగా, పాత తోట మడులు ఇప్పటి నేలకన్నా లోతున బయటపడినవి. పాతవాటిలో పాతది కాలువే.

ఇక్కడ ఒక న్యాయం చెప్పుకోవాలి. అందలుస్ ముస్లిములు శూన్యంలో నుండి నీటి విద్యను సృష్టించలేదు. రోమనుల కాలపు కాలువలను చేపట్టి, తూర్పుదేశాల నుండి నీటి చక్రాన్నీ కొత్త పంటలనూ తెచ్చి, వంతులవారీగా నీరు పంచుకునే పద్ధతిని పెంపొందించారు. గోల్కొండ సంగతీ అంతే. కాకతీయుల నాటి నుండి చెరువు కట్టడంలో ఆరితేరిన తెలుగు నేల మీదనే కుతుబ్ షాహీలు హుస్సేన్ సాగర్ వంటివి నిర్మించారు. ఆ చెరువు కట్టించిన ఇబ్రాహీం కుతుబ్ షాను (1550-1580) తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితం చేశాడు. నీరూ భాషా రెండూ ఇరుగుపొరుగుతో పంచుకున్నప్పుడే నిలిచినవి.

మా కోటపాడు రైతుకు ఈ కథలో మరొక వాటా వున్నది. చెరకు మన దేశం నుండి పర్షియాకూ, అక్కడ నుండి అరబ్బుల ద్వారా అందలుస్‌కూ చేరింది. గర్నాతా దిగువన సముద్రతీరంలో అది పండింది. అక్కడి చివరి చక్కెర కర్మాగారం 2006లో మూతపడేదాకా ఆ పంట సాగింది. స్పానిష్ భాషలో చక్కెరను అసూకార్ అంటారు. అది అరబ్బీ అస్సుక్కర్, దాని మూలం సంస్కృత శర్కర. మన తెలుగు చక్కెరా ఆ ఇంటి మాటే. అనకాపల్లి బెల్లం దిమ్మను చేతపట్టుకున్నవాడు అందలుస్‌తో తనకు సంబంధం లేదనుకోనక్కరలేదు.

గర్నాతా 1492 జనవరి 2న లొంగిపోయింది. మతానికీ ఆచారాలకూ రక్షణ కల్పిస్తామన్న ఒప్పందం పదేళ్ళయినా నిలవలేదు. చివరకు 1609 నుండి 1614 వరకు, బలవంతంగా క్రైస్తవులుగా మార్చబడిన ముస్లిముల సంతతిని సైతం దేశం నుండి వెళ్ళగొట్టారు. వలెన్సియా రాజ్యం తన జనాభాలో దాదాపు మూడోవంతును కోల్పోయింది. సేద్యగాళ్ళు పోయిన పొలాలు బీడుపడ్డాయి. అయినా అదే వలెన్సియాలో 1238లో జయించిన క్రైస్తవ రాజు, నీటిని పూర్వపు ఆచారం ప్రకారమే పంచుకోవాలని ఆదేశించాడు. నేటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడి పెద్ద చర్చి ద్వారం ముందు రైతు పెద్దలు కూర్చుని నీటి తగాదాలు నోటిమాటగానే తీరుస్తారు. దీని మూలం ముస్లిముల కాలానిదని సంప్రదాయం. 2009లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. సింహాసనాన్ని కూల్చినవారు సైతం కాలువ వంతును కాదనలేకపోయారు, ఎందుకంటే అది వారికీ అన్నం పెట్టింది.

గోల్కొండ 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు వశమైంది. చక్రాలు ఆగాయి, గొట్టాలు ఎండాయి. కోట చూసుకుని మేము కుతుబ్ షాహీ సమాధుల తోటకు వెళ్ళాము. అక్కడి బడీ బావిలో ఒకవైపు కట్టడం 2013 వర్షాలకు కూలిపోయింది. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు వారు రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి దానినీ ఇతర బావులనూ తిరిగి నిలబెట్టారు. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. పూడిక తీసిన బావులలో వాననీరు నిలిచి, తోటకు తిరిగి అక్కరకు వస్తున్నది. ఫాతిహా చదివి ఆ బావి మెట్ల మీద కూర్చున్నప్పుడు మాలో ఎవరికీ నిట్టూర్పు రాలేదు. రాళ్ళు పేర్చిన పనివాళ్ళను గురించే మాట్లాడుకున్నాము.

మొక్క నాటిన ముస్లిముకు, దాని ఫలాన్ని మనిషి తిన్నా పక్షి తిన్నా అది దానంగా వ్రాయబడుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. అల్ హమ్రాను మనం వారసత్వమని చెప్పుకోవాలంటే దానికి ఈ బోధ ఒక్కటే దారి. గోడలు ఇప్పుడు మనవి కావు. నీటిని వృథా చేయక పదిమందికి అందించే అలవాటు మాత్రం ఎక్కడైనా మనదే కాగలదు.

ఊరు చేరిన వారానికి మా పెద్దాయన గునపం తీసుకుని మసీదు వెనుకకు వచ్చారు. వుజూ నీరు అంతవరకు వీధి మురుగులో కలిసేది. అందరమూ కలిసి ఒక చిన్న బోదె తవ్వి దానిని ప్రహరీ పక్కనున్న కొబ్బరి మొక్కలకు మళ్ళించాము. దాని పొడవు ఇరవై అడుగులు కూడా వుండదు. పూడిక తీయడానికి ఇప్పుడు వంతులు వేసుకున్నాము.