నల్లగొండ–సూర్యాపేట మెన్నొనైట్ మిషన్

దక్షిణ రష్యాలోని (నేటి ఉక్రెయిన్) మెన్నొనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ సంఘాల విరాళాలతో నిజాం రాజ్యంలోని నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల్లో సాగిన క్రైస్తవ సేవాకార్యం.

ఆరంభం: 1860లో ఏర్పడిన ఈ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో భారతదేశానికి వచ్చి, 1890లో నల్లగొండలో స్థిరపడ్డారు. ఫ్రీసెన్ జర్మనీలోని హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీలో చదివారు. పరిపాలనపరంగా వీరు అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేసినా, పోషణ బాధ్యతను రష్యాలోని వారి స్వదేశ సంఘాలు తలకెత్తుకున్నాయి. తర్వాత అబ్రహాం హ్యూబర్ట్ సూర్యాపేటలో సేవ చేశారు.

నిధుల సేకరణ: దాతల్లో అధికులు జర్మన్ మాట్లాడే రైతు కుటుంబాలవారు. మిషన్ పండుగల్లో కానుకలు పోగయ్యేవి. స్త్రీలు కుట్టుపని సమాజాలుగా చేరి, తమ చేతిపనిని అమ్మి డబ్బు కూడబెట్టేవారు. ఫ్రీసెన్ ఉత్తరాలు, 'దాస్ ఎర్న్టెఫెల్డ్' (పంటపొలం) పత్రిక ఇక్కడి కబుర్లను వారికి చేరవేసేవి.

ముగింపు, ప్రాధాన్యం: మొదటి ప్రపంచ యుద్ధం, 1917 రష్యా విప్లవం ఈ సహాయానికి అడ్డుకట్ట వేశాయి. ఎన్నడూ చూడని తెలుగు పల్లెల కోసం సామాన్య రైతులు, గృహిణులు ఏళ్ల తరబడి తమ కష్టార్జితం పంచడం ఈ ప్రాంత చరిత్రలో కృతజ్ఞతతో తలచుకోదగిన ఘట్టం.