ఇంటి గుట్టూ, సారా పాటా

తాగినవాడి రాత్రి గురించి మనవాళ్లు చాలానే చెప్పారు. నాటకంలో తూలుతూ ఓ పాత్ర వస్తే హాలంతా నవ్వుతుంది. సినిమాలో అయితే వాడికో పాట కూడా పెడతారు. మర్నాటి పొద్దుటి సంగతి మాత్రం ఎవరికీ అంతగా పట్టలేదు. పట్టడానికి అందులో ఏముంది గనక? ఓ ఆడమనిషి చీపురూ నీళ్ల బకెట్టూ పెట్టుకుని వసారా కడుక్కుంటూ ఉంటుంది. చూసి నవ్వుకోడానికి లేదు, పాట పెట్టడానికీ లేదు.

నేనివాళ ఆ పొద్దుటి చరిత్రే చెప్పదలుచుకున్నాను. దానికీ ఓ చరిత్ర ఉంది. అందులో చట్టాలున్నాయి, ఎన్నికలున్నాయి, పడిపోయిన ప్రభుత్వాలున్నాయి.

ముందు ఆ పొద్దుటి పనులేమిటో చూద్దాం. పాడైన పక్క ఉతకాలి. విరిగిన కుర్చీని గోడకి చేర్చి, కాలు విరిగినట్టు కనపడకుండా పెట్టాలి. పక్కింటావిడ "రాత్రేమిటి వదినా ఆ చప్పుడు?" అంటే "పిల్లి గిన్నెలు దొర్లించింది" అనాలి. మోచేతి మీద కమిలినచోటు కనపడకుండా కొంగు కప్పుకోవాలి. ఆఫీసుకి "ఆయనకి జ్వరం" అని కబురంపాలి. పిల్లలు కిక్కురుమనకుండా చద్దన్నం తిని బడికి పోతారు. అల్లరి చేసే పిల్లల్ని సముదాయించచ్చు గాని, అలా నోరు మూసుకున్న పిల్లల్ని ఏం చెయ్యాలో ఏ తల్లికీ తెలీదు. ఇదంతా అయ్యాక ఆయనగారు లేచి తల పట్టుకుంటాడు. నిమ్మకాయ పిండిన మజ్జిగ చేతికివ్వాలి. రాత్రి ఏం జరిగిందో తనకి గుర్తే లేదంటాడు. లేకపోతే పిల్లల నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేస్తాడు. ఆ ఒట్టుకి ఆయుర్దాయం సాయంత్రం దాకా.

ఈ పనులన్నిట్లోకీ పెద్దపని ఏదంటారా? దాచడం. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని మనకో సామెత ఉంది గదా. అత్తగారు కోడలికి అదే చెప్పింది, కోడలు తన కూతురికి అదే చెప్పింది. గుట్టు బయటపడి లంక చెడిన మాట నిజమే. కాని ఆ లంకలోనే చెట్టుకింద సీతమ్మ కూడా ఉంది. గుట్టు బయటపడ్డం వల్ల ఆవిడకి చేటు జరగలేదు సరిగదా, విడుదల దొరికింది. ఆ సంగతి ఏ అత్తగారూ చెప్పినట్టు లేదు.

ఇలా ఇల్లాలు గుట్టుగా దాచుకున్నదాన్ని సర్కారు మాత్రం వీధిలో తప్పెట కొట్టి వేలం వేసింది. అదే సారా పాట. మన భాషలో పాట అంటే సంగీతమూ అవుతుంది, వేలమూ అవుతుంది. తెల్లవాళ్ల హయాంలో 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. ఈ వ్యాపారమంతా ఓ పద్ధతికొచ్చింది. ఎవరు ఎక్కువకి పాడితే వాళ్లకి కొట్టు. ఎక్కువకి పాడినవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే ఊళ్లోవాళ్ల చేత ఎక్కువ తాగించాలి. లెక్క అంత తేలిక. నైజాం వైపు కూడా అబ్కారీ అంటే ఖజానాకి పెద్ద ఆదరువే. కింద తాగేవాడు, పైన సర్కారు, మధ్యన కాంట్రాక్టరు. ఈ ముగ్గురి లెక్కల్లో వసారా కడిగే మనిషికి పద్దు లేదు.

ఆవిణ్ణి మొదట పిలిచినవాడు గాంధీగారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నాడు, కల్లుసారా కొట్ల దగ్గరా విదేశీ బట్టల కొట్ల దగ్గరా పికెటింగు ఆడవాళ్లు చెయ్యాలన్నారు. తాగుడు వల్ల ఇల్లెలా గుల్లవుతుందో మగవాడికంటే ఆడదానికే బాగా తెలుసునని ఆయన నమ్మకం. మంచిమాటే. కాని అప్పటికది దేశం కోసం చేసిన పని. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉండిపోయింది.

తరవాత మనవాళ్లకి అధికారం వచ్చింది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటేడు మన కడప, చిత్తూరు జిల్లాలకి తెచ్చింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధమే. 1953లో ఆంధ్రరాష్ట్రం విడిపోతే, ఆస్తులూ అప్పులతోబాటు ఈ నిషేధం కూడా మనకి వాటా వచ్చింది. ఇదేం పనిచెయ్యడంలేదు, ఎత్తెయ్యండని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. ప్రకాశం పంతులుగారు ఎత్తెయ్యలేదు. ఆ గొడవ మీదే 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. నిషేధం మాత్రం కోస్తాలో, రాయలసీమలో 1969 దాకా, కాగితం మీదైతేనేం, ఉండనే ఉంది. తెలంగాణాకి అది కూడా లేదు.

ఇన్నేళ్ల వాదోపవాదాల్లో రెండే మాటలు వినపడతాయి. ఒకరు నీతి అన్నారు, ఒకరు రాబడి అన్నారు. నీతి పక్షంవాళ్లు తాగేవాణ్ణి పాపి అన్నారు. రాబడి పక్షంవాళ్లకి వాడు ఖాతాదారు. మొత్తానికి ఇద్దరూ మాట్లాడింది వాడి గురించే.

1969 తరవాత రాబడి పక్షం గెలిచింది. ఎంత గెలిచిందంటే, 1970-71లో అబ్కారీ మీద సర్కారుకొచ్చిన రాబడి 39 కోట్లు, 1991-92లో 812 కోట్లు. ధరలు పెరిగాయి, జనం పెరిగారు, ఒప్పుకుంటాను. అయినా ఇరవైరెట్లు! 1980ల్లో "వారుణి వాహిని" అని పేరుపెట్టి సారాని ప్లాస్టిక్ పాకెట్లలోకి దించారు. పేరు చూస్తే ఏదో నదికి ఆనకట్ట కట్టినట్టు ఉంటుంది. పాకెట్టు వల్ల ఏమైందంటే, మనిషి కొట్టుకి వెళ్లే పని తప్పింది. కొట్టే చేలోకీ, వీధరుగు మీదకీ వచ్చింది. మంచినీళ్లకి మైలు దూరం నడిచే పల్లెలో సారా మాత్రం గుమ్మం ముందు దొరికేది. పొద్దున కూలికెళ్లినవాడు సాయంత్రానికి కూలి డబ్బుల్లేకుండా ఇంటికొచ్చేవాడు. అప్పుడు పెళ్లాం కూలిడబ్బుల కోసం దెబ్బలాట. ఆ 812 కోట్లలో ఆవిడ బియ్యం డబ్బులు కూడా ఉన్నాయన్నమాట.

ఇక అసలు కథకొస్తాను. 1990 తరవాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రిపూట బడి. పగలంతా నాట్లూ కలుపులూ అయ్యాక, లాంతరు వెలుగులో పలకలు పట్టుకుని కూర్చున్నారు ఆడవాళ్లు. ఆ వాచకంలో "సీతమ్మ కథ" అని ఓ పాఠం ఉంది. సారా వల్ల చితికిపోయిన సంసారాలూ, ఆడవాళ్లంతా కలిసి ఊళ్లో సారా కొట్టు మూయించడమూ, ఇదీ కథ. చూశారా, ఈ సీతమ్మ గుట్టు దాచలేదు!

నాకు ఈ ఘట్టంలో అన్నిటికంటే గొప్పగా తోచేది అక్షరాలు రావడం కాదు. ఆ పాఠం చదివాక వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని ఉంటారే, అదీ. "మా ఇంట్లో కూడా ఇంతే" అని ఒకావిడ అని ఉంటుంది. "మా ఇంట్లో మాత్రం?" అని ఇంకొకావిడ. ఎవరికి వాళ్లు తమ తలరాత అనుకుని దాచుకున్నది ఊరందరి తలరాత అని తెలిసిపోయింది. అందరికీ ఒకే రాత ఉందంటే అది బ్రహ్మదేవుడు రాసింది కాదనే అనుమానం రాక మానదు. ఎక్కడో పాట పాడి, ఎక్కడో సంతకం పెట్టినవాళ్లు రాసింది.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు నిజంగానే కొట్టు మూయించారు. వాళ్లలో ముందునిలిచిన రోశమ్మ పేరు ఊరిపేరుతో కలిసి దూబగుంట రోశమ్మ అయిపోయింది. ఆవిడ పెద్ద చదువులు చదివిన మనిషి కాదు. ఆ సంఘటనే మళ్లీ ఇంకో పాఠమై మిగతా ఊళ్ల రాత్రి బళ్లకి వెళ్లింది. పాఠం నుంచి పని, పని నుంచి పాఠం. 1992 నాటికి జిల్లా అంతా అంటుకుంది. సారా తెచ్చే జీపులకి అడ్డం కూర్చున్నారు. పాకెట్లు వీధిలో పోసి తగలబెట్టారు. చీపుళ్లూ కారప్పొడీ ఆయుధాలయ్యాయి. వేలం జరగవలసిన చోట వేలం జరగనివ్వలేదు. సారా పాటకి ఎన్నిసార్లు తేదీలు పెట్టినా వాయిదాలే.

ఇంట్లో ఏం చేశారు? తాగొస్తే అన్నం వండమన్నారు. కొన్ని ఊళ్లలో మొగుళ్లకి గుండ్లు గీయించిన కథలూ ఉన్నాయి గాని, నాకు అన్నం సంగతే ముఖ్యంగా తోస్తుంది. అంతదాకా మర్నాటి మజ్జిగతో సహా అన్నీ ఆవిడే అందించింది. అలా అందిస్తున్నంతకాలం తాగుడు నష్టం తాగినవాడికి తెలియలేదు. మొదటిసారి ఆ నష్టం అతని కంచంలో కనపడింది. ఒక్కామె ఒంటరిగా వండకపోతే దెబ్బలు తింటుంది. ఊరంతా వండకపోతే అతను ఎవరింటికి పోతాడు?

ఇంకో తెలివైన పని కూడా చేశారు. మొగుడి మీద ఎంత కోపం ఉన్నా "మా మొగుళ్లు వెధవలు" అని ఆగిపోలేదు. కొట్టు మూయించండి అన్నారు. మనిషి మీద కోపం మనిషి దగ్గరే ఆగితే అది కాపరంలో కయ్యమంటారు. ఈ సీసా ఎవరు తెచ్చారు, ఎవరు పాడుకున్నారు, ఎవరికి రాబడి అని అడిగేసరికి రాజకీయమైంది.

ఫలితం తెలిసిందే. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం. 1994 ఎన్నికల్లో ఎన్.టి.రామారావుగారు సంపూర్ణ నిషేధం తెస్తానని వాగ్దానం చేసి గెలిచి, డిసెంబరు 12న ప్రమాణం చేసిన వేదిక మీదే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. పాకెట్లు ఊళ్లలో తిరిగిందీ ఆయన మొదటి హయాంలోనే మరి! 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది. 1997లో, చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వంలో, దాన్ని సడలించారు. దొంగసారా పెరిగిందన్నారు, ఖజానా ఖాళీ అయిందన్నారు. అవి నిజాలే కావచ్చు. పాత రెండు మాటల్లో రాబడి మళ్లీ గెలిచింది.

అయితే ఆ ఆడవాళ్లు ఓడిపోయినట్టేనా? చట్టం వరకూ చూస్తే ఓడినట్టే. గుట్టు వరకూ చూస్తే కాదు. 1992కి ముందు తాగొచ్చి కొట్టడం "ఆలుమగల సంగతి". ఆ తరవాత అది వీధిలో, పత్రికల్లో, శాసనసభలో మాట్లాడుకునే సంగతి అయింది. ఆ గుట్టుని మళ్లీ మూటగట్టడం ఎవరివల్లా కాలేదు. 2005లో వచ్చి, మరుసటేడు అక్టోబరు నుంచి అమలైన గృహహింస చట్టం ప్రకారం కొట్టడమే కాదు, తిట్టడమూ, ఆవిడ డబ్బులు లాక్కోవడమూ హింసే. ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఆవిడకుంది.

ఇంకో సంగతి కూడా మనం ఆలస్యంగా నేర్చుకున్నాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలన్నీ ఒక్కసారి మూసేస్తే, హైదరాబాదులో ఎర్రగడ్డ ఆస్పత్రికి వణుకుతూ, మూర్ఛలు పోతూ, మతిచలించి జనం వరసకట్టారు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణానికే ముప్పు. అంటే అది పాపమూ కాదు, ఖాతా కూడా కాదు, జబ్బు. ఒట్లతోటీ తాయెత్తులతోటీ నయమయ్యేది కాదు, డాక్టరు చూడవలసింది. జబ్బుమనిషి అయినంత మాత్రాన కొట్టే హక్కు వస్తుందా అంటే రాదు. జబ్బుకి మందు ఇప్పించాలి, దెబ్బకి అడ్డు నిలబడాలి. రెండూ చెయ్యవలసిందే, ఒకటి చేశామని రెండోది మానకూడదు.

కనక ఏ చెల్లెలైనా నన్ను సలహా అడిగితే నా దగ్గర కొత్తదేం లేదు, నెల్లూరు వాళ్లు చేసి చూపించిందే ఉంది. రాత్రి, మత్తులో ఉన్నవాడితో వాదం పెట్టుకోకు. నీవీ పిల్లలవీ ప్రాణాలు ముందు చూసుకో. తెల్లారాక, తెలివొచ్చాక, జరిగింది జరిగినట్టు అతనికే చెప్పు, గుర్తులేదంటే విరిగిన కుర్చీ చూపించు. ఆఫీసుకి జ్వరం అని నువ్వు కబురంపకు, ఆ అబద్ధమేదో అతన్నే ఆడుకోనీ. అన్నిటికంటే ముఖ్యం, నీకు నమ్మకమైన ఒక్క మనిషితో, అమ్మో, అక్కో, పక్కింటి వదినో, ఉన్న సంగతి చెప్పు. వింటున్నావిడ ఆశ్చర్యపోతుందని భయపడకు. "మా ఇంట్లో కూడా ఇంతే" అని ఆవిడ కూడా అనచ్చు. నెల్లూరులో మొదలైంది ఆ మాట దగ్గరే.