పల్నాట గురుకుల బడి: విహారాల నుంచి నవోదయ దాకా

పదేళ్ల బిడ్డను ఇల్లు దాటించి హాస్టల్లో వదిలి రావడం ఏ తల్లికీ తేలికైన పని కాదు. అయినా పల్నాటి తల్లులు తరాలుగా ఆ కష్టానికి ఓర్చుకుంటూనే ఉన్నారు. వానను నమ్ముకున్న మెట్ట సేద్యం, దూరదూరంగా ఉండే ఊళ్లు, ఐదో తరగతితో ఆగిపోయే చదువులు వాళ్లకు వేరే దారి చూపలేదు. పిల్లలు తిని, పడుకుని, చదువుకునే బడి ఒకటి దొరికితే ఆ కుటుంబం రాత మారిపోయేది. ఆ బడి ఈ నేలకు ఎలా వచ్చింది, దాన్ని ఎవరు నిలబెట్టారు అన్నది మన చరిత్రలో పెద్దగా చెప్పుకోని అధ్యాయం.

గురువూ శిష్యుడూ ఒకే ప్రాంగణంలో ఉండి చదువుకోవడం పల్నాటికి కొత్త కాదు. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురిలో, ఇప్పటి నాగార్జునకొండ లోయలో, బౌద్ధ విహారాలు వరుసగా వెలిశాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం తామ్రపర్ణి (శ్రీలంక) ఆచార్యులను పేర్కొంటుంది. సింహళ విహారం ప్రస్తావన కూడా అందులో ఉంది. సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ వసతి ఉండేదన్నమాట. నాగార్జునసాగర్ నీళ్లలో లోయ మునిగిపోకముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. బయటపడిన కట్టడాల్లో కొన్నిటిని మాచర్ల వైపు గట్టున అనుపులో తిరిగి నిలబెట్టారు. నడుమ మండపం, చుట్టూ భిక్షువుల చిన్న చిన్న గదులు, అందరూ కలిసి కూర్చునే చోటు ఇప్పటికీ అక్కడ చూడొచ్చు. కలిసి బతకడం చదువులో భాగమన్న ఆలోచన ఆ కట్టడంలోనే ఉంది.

ఆధునిక కాలంలో ఆ ఆలోచన మిషనరీల వెంట తిరిగొచ్చింది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లూథరన్ బోధకుడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ అండతో బడులు తెరిచాడు. మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదివి వచ్చాడు. 1849లో గురజాలకు మకాం మార్చి పల్నాటి పల్లెల్లో పనిచేశాడు. డెబ్బై దాటిన వయసులో మరోసారి ఈ దేశానికి తిరిగి వచ్చాడు. 1883లో నరసరావుపేట అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు కేంద్రమైంది. మిషన్ల పద్ధతి ఎక్కడైనా ఒకటే. పల్లెలో చిన్న బడి పెడతారు, అక్కడ చురుగ్గా ఉన్న పిల్లలను కేంద్రంలో బోర్డింగుకు తెస్తారు. ఊరి బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలు పలక పట్టింది చాలాచోట్ల ఆ బోర్డింగుల్లోనే. మతం మాట ఎలా ఉన్నా, ఈ మేలును మరిచిపోకూడదు. అయితే ఆ బడికి ప్రాణమంతా దాన్ని నడిపే మనిషిలో ఉండేది. ఆ మనిషి వెళ్లిపోతే ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

దానికి ప్రభుత్వం తరఫున జవాబు రావడానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా పాతికేళ్లు ఆగాల్సి వచ్చింది. పల్లెటూరి తెలివైన పిల్లలకు ప్రభుత్వమే తిండి, బట్ట, వసతి ఇచ్చి మేలైన చదువు చెప్పించాలన్న తలంపు పి.వి. నరసింహారావుది. విద్యాశాఖ చూసిన రోజుల నుంచే ఆయన మనసులో ఉన్న ఆ తలంపు, ముఖ్యమంత్రి అయిన కొద్ది వారాలకే రూపం దాల్చింది. 1971 నవంబర్ 23న నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. సర్వోదయ కార్యకర్త మద్ది నారాయణరెడ్డి దానికి భూమి ఇచ్చారు. మరుసటి ఏడాది కోస్తాకు తాడికొండలో, రాయలసీమకు కొడిగెనహళ్లిలో ఇలాంటి బడులే వచ్చాయి. వీటిని నడపడానికి ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. గుంటూరు జిల్లాలోని తాడికొండ పల్నాటి పిల్లలకు అందుబాటులో ఉండేది. ఆ దశకంలోనే మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో గురుకుల జూనియర్ కళాశాల వచ్చింది. ఒకప్పుడు విహారాలు వెలసిన లోయ పక్కనే మళ్లీ విద్యార్థుల వసతి వెలసింది.

ఆ తొలి బడుల ఫలితం ఏమిటో సర్వేల్‌ను చూస్తే తెలుస్తుంది. తెలంగాణ డీజీపీగా పనిచేసిన ఎం. మహేందర్‌రెడ్డి, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన బుర్రా వెంకటేశం అక్కడ చదివినవాళ్లే. ప్రతిభ పరీక్షతో ఎంపిక, క్యాంపస్‌లోనే ఉపాధ్యాయుల కాపురం, రోజంతా ఒక పద్ధతి. ఈ మూడూ కలిసి పల్లె పిల్లలను పట్నం పిల్లల సరసన నిలబెట్టాయి.

1984లో సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలవడంతో ఈ ఆలోచన ఇంకో మెట్టు ఎక్కింది. సంక్షేమ శాఖను నడిపిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ దళిత పిల్లల చదువును తన సొంత బాధ్యతగా తలకెత్తుకున్నారు. దళిత బిడ్డకు మంచి బడి దొరకడం దయాధర్మం కాదనీ, అది వాళ్లకు రావాల్సిన బాకీ అనీ నమ్మినవాడాయన.

మరోవైపు పి.వి. ఢిల్లీ వెళ్లారు. 1985లో కేంద్రంలో మానవ వనరుల శాఖ ఆయన చేతికి వచ్చింది. ప్రధాని రాజీవ్ గాంధీ హయాంలో జిల్లాకొక నవోదయ విద్యాలయం పథకం మొదలైంది. హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతి తొలి రెండూ. సర్వేల్‌లో నాటిన మొక్క దేశమంతా అంటు కట్టుకుంది. గుంటూరు జిల్లా వంతుకు వచ్చిన నవోదయ చిలకలూరిపేట మండలం మద్దిరాలలో ఉంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఆ బడి చిరునామా పల్నాడే.

నవోదయలో చేరాలంటే ఐదో తరగతి చదివేటప్పుడు పరీక్ష రాయాలి. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలు చూసి పోల్చే మేధాశక్తి ప్రశ్నలకే. మిగతావి లెక్కలు, భాష. రాసే అవకాశం ఒక్కసారే. ఏటా తీసుకునేది 80 మందిని. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. ఎంపికైతే ఆరు నుంచి పన్నెండు దాకా ఏడేళ్ల చదువు. తొమ్మిదో తరగతిలో కొందరు హిందీ రాష్ట్రపు నవోదయకు వెళ్లి ఒక ఏడాది చదువుతారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. ఊరు దాటని మిరప రైతు బిడ్డ పద్నాలుగేళ్లకే మరో భాష మాట్లాడే గదిలో సర్దుకుపోవడం నేర్చుకుంటాడు.

పొద్దున్నే గంట, పీటీ, స్నానాల దగ్గర వరస, స్టీలు పళ్లెం పట్టుకుని మెస్ ముందు మరో వరస, తరగతులు, ఆటలు, రాత్రి స్టడీ అవర్. డార్మిటరీలో మంచం కింద తాళం వేసిన ట్రంకు పెట్టె. దాని అడుగున అమ్మ పెట్టిన కారప్పూస డబ్బా. అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే హౌసులు కులం అడగవు, ఊరు అడగవు. మొదటి నెల రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చే పిల్లలుంటారు. అది ముందు హౌస్ మాస్టరుకు, ఆ తర్వాత ప్రిన్సిపాల్‌కు తెలియాలి. బడికి పెద్దదిక్కు అవసరమయ్యేది అక్కడే.

ఈ చరిత్రనంతా కలిపి చూస్తే నాకు కనిపించేది ఒకటే. తలంపు ఎవరిదైనా కావచ్చు, జీవో ఎవరైనా ఇవ్వొచ్చు. గురుకులం బతికేది మాత్రం రాత్రిపూట క్యాంపస్‌లో ఉండే పెద్ద వల్ల. కూర చప్పగా ఉంటే మెస్‌లో పిల్లల పక్కన కూర్చుని తిని తెలుసుకునేవాడు, జ్వరం వచ్చిన పిల్లను అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు, పంతుళ్లకు తానే ముందు పాఠం చెప్పి చూపేవాడు ఉన్న బడికి పేరొస్తుంది. ఇన్‌ఛార్జి ప్రిన్సిపాళ్లతో ఏళ్లు నెట్టుకొచ్చిన బడిలో ఎన్ని భవనాలు కట్టినా ఆ పేరు నిలవదు. హేయర్ నాటి ప్రశ్న ఇంకా తీరలేదు. మనిషి మారినా బడి మారకుండా ఉండాలంటే ప్రిన్సిపాల్ నియామకాన్ని ఖాళీ పూడ్చే పనిగా చూడడం మానాలి. ఎంపికలో కఠినంగా ఉండాలి, ఎంచుకున్నాక కనీసం ఐదేళ్లు కదిలించకూడదు.

సీట్ల మాట కూడా చెప్పాలి. పాత గుంటూరు జిల్లా ఇప్పుడు మూడు జిల్లాలైంది. ఒక్కో నవోదయ ఏటా 80 మందినే తీసుకుంటుంది. పరీక్ష కోసం నాలుగో తరగతి నుంచే కోచింగ్‌కు పంపగలిగినవాళ్లు ముందుంటే, పొలం పనికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డ వెనకబడతాడు. పల్లె పిల్లల కోసం పెట్టిన బడి మళ్లీ వాళ్లకే దూరమయ్యే ప్రమాదం అక్కడుంది. ప్రతి మండలంలో ప్రభుత్వ బడి పంతుళ్లే ఐదో తరగతి పిల్లలకు ఆ ప్రశ్నలు సాధన చేయించాలి. అందుకు పెద్ద ఖర్చు కాదు, ఒక పంతులు సాయంత్రం గంటసేపు కూర్చుంటే చాలు. కొత్త జిల్లాలకు కొత్త నవోదయలు అడగడం మన నాయకుల పని. తాడికొండ, మద్దిరాల మన దాకా వచ్చింది ఎవరో పట్టుబట్టి సాధించడం వల్లే. తర్వాతి బడి కోసం పట్టుబట్టాల్సిన వంతు మనది.