పడుచువారి మాట – పెద్దల చెవి



నేను శంషాబాదు ప్రాంతపు పల్లెలలో చిరకాలము బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. 2008 మార్చి మాసమున ఇచ్చట విమానముల రాకపోకలు మొదలైనవి. ఆ విమానాశ్రయపు నేల దాదాపు 5,500 ఎకరములు. అమ్మపల్లి రామాలయమునకు పోవువారికి నేడు గంట చప్పుడుతోపాటు విమానపు మ్రోతయు వినవచ్చును. ఈ మార్పు ఎవరిని అడిగి వచ్చినది? ముఖ్యముగా, దానితో కలకాలము బ్రతుకవలసిన పడుచువారిని ఎవరైన అడిగిరా? ఇదియే నేటి ప్రసంగ విషయము.

మొదట నా తప్పు చెప్పుకొందును. విమానాశ్రయము రాకమునుపు ఈ ప్రాంతమున ఒక పల్లెలో భూముల ధరను గూర్చి పెద్దలు రచ్చబండ కడ కూడిరి. కాగితములు చదివి చెప్పుటకు నన్ను పిలిచిరి. పట్టా కలవారందరు మాటలాడిరి. చాపలు పరచి, మంచినీళ్లు తెచ్చిన కుర్రవారిలో నా శిష్యుడొకడు లేచి, "సారూ, ఆ సొమ్ము అయిపోయినంక మేమేమి చేయవలె?" అని అడిగెను. "పెద్దలు మాటలాడుచున్నారు, నీవు కూర్చో" అంటిని. అతడు కూర్చుండెను. ఆనాటి పెద్దలలో పలువురు గతించిరి. ఆ ప్రశ్న మాత్రము నేటికిని నాయొద్దనే యున్నది.

శాస్త్రము తెలియక అంటిననుటకును వీలులేదు. మనుస్మృతిలో ఒక కథ కలదు. అంగిరసుని కుమారుడు బాలుడయ్యును తన పినతండ్రులవంటి వారికి వేదము చెప్పుచు, వారిని "పుత్రకులారా" అని పిలిచెను. వారు కోపించి దేవతలను అడిగిరి. ఆ బాలుడు పలికినదే న్యాయమని దేవతలు తీర్పు చెప్పిరి. ఈ కథను బడిలో ఎన్నిమారులో చెప్పితిని. రచ్చబండ కడ మరచితిని.

మన హైదరాబాదు చరిత్రయు నావంటి మరపుతో నిండియున్నది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు వసతిగృహములందు వందేమాతరము పాడగా, పిలిచి వినుటకు మారు వారిని వెడలగొట్టిరి. నాగపూరు విశ్వవిద్యాలయము వారికి చోటిచ్చెను. ఆ ఉద్యమమున పాల్గొని నాగపూరు పోయి చదివినవారిలో పి.వి. నరసింహారావుగారొకరు, 1991లో ఆయనయే భారత ప్రధానమంత్రి యైరి. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యోగముల కొరకు విద్యార్థులు వీథికెక్కగా సిటీ కాలేజీ కడ తుపాకులు ప్రేలినవి. 1969లో తెలంగాణపు విద్యార్థులు మరల లేచిరి. మరల ప్రాణములు పోయినవి. వారు కోరిన రాష్ట్రము 2014 జూన్ 2న ఏర్పడెను. నడుమ నలుబదియైదేండ్లు గడచెను. రచ్చబండ కడ వినని మాట వీథిలో వినవలసి వచ్చునని ఈ మూడు ఘట్టములును చాటుచున్నవి.

చట్టము సైతము మెల్లమెల్లగనే కన్ను తెరచినది. 1894 నాటి భూసేకరణ చట్టము క్రింద, ఆ భూమిలో హక్కు గలవారే ఆక్షేపణ చెప్పుకొనవలెను. తండ్రి పేర పట్టా యున్నంతకాలము కొడుకు మాటకు, కూతురు మాటకు అందు చోటు అరుదు. ఆ చట్టమును తొలగించి, 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన 2013 నాటి చట్టము, భూమి తీసికొనుటకు ముందు సామాజిక ప్రభావమును పరిశీలించి, ప్రజలయెదుట విచారణ జరుపవలెననుచున్నది. యుక్తవయస్సు వచ్చిన ప్రతి స్త్రీని, ప్రతి పురుషుని, పెండ్లి కాకున్నను, వేరొక కుటుంబముగా ఎంచుచున్నది. నా శిష్యుని ప్రశ్నకు చట్టమున చోటు దొరకుటకు ఇంతకాలము పట్టెను.

ఓటు వయస్సును 21 నుండి 18కి దించిన రాజ్యాంగపు 61వ సవరణ 1989లో అమలైనది. ఓటర్ల జాబితాలో పేరున్న వారందరును గ్రామసభ సభ్యులే యని 1993లో అమలైన 73వ సవరణ నిర్ణయించెను. కావున పదునెనిమిదేండ్ల పిల్ల గ్రామసభకు చుట్టముగా రాదు, హక్కుదారుగా వచ్చును. శంషాబాదు 2018లో పురపాలక సంఘమైనది. మరుసటి యేటి తెలంగాణ పురపాలక చట్టమున ప్రతి వార్డునకు నాలుగు సంఘములు చెప్పబడినవి. అందు యువకుల సంఘమొకటి, పెద్దల సంఘమొకటి. రెండును సమానముగా పదునైదుగురివే.

అయినను సంఘము వ్రాతలో నున్నంతమాత్రమున మాట పుట్టదు. పెద్దవాడు మొదట పలికినచో చిన్నవాడు తలయూపును. అది అభిప్రాయము కాదు, మర్యాద. సైనిక న్యాయస్థానములందు అందరికంటె తక్కువ పదవి గల సభ్యుడు మొదట తన అభిప్రాయము చెప్పవలెనను నియమము కలదు. సైన్యమున పనిచేసి వచ్చినవారు మీ ఊరనుండినచో అడిగి చూడుడు. పై అధికారి మాట విన్న పిమ్మట క్రిందివాని మాట స్వతంత్రముగా నుండదని ఎరిగి చేసిన ఏర్పాటది.

పెద్దలారా, మన సభలందును ఇట్లే చేయుదము. తీర్మానము వ్రాయకమునుపే పడుచువారిని పిలువవలెను. వారిని మొదట పలుకనిచ్చి, ఆడపిల్లలను ప్రత్యేకముగా అడుగవలెను. వారి మాట నెగ్గకపోయినను దానిని పుస్తకమునకెక్కించి, ఏల ఒప్పుకొనలేదో వారికి చెప్పవలెను. అడిగి విననివాడు అడుగనివానికంటె ఎక్కువ నమ్మకము పోగొట్టుకొనును.

తుది నిర్ణయము పెద్దలదే కావచ్చును. దాని ఫలము మాత్రము పిన్నలది. చాపలు పరచిన చేతులకు ఆ చాపపై చోటీయవలెనని చెప్పుటకే నేడు మీయెదుటికి వచ్చితిని. ఆనాడు నేను కూర్చుండుమన్న పిల్లవాడు ఎక్కడనున్నను ఇది వినుచుండినచో, నాయనా, నీవు నిలిచి చెప్పుము. ఇప్పుడు నేను కూర్చుండి వినెదను.

సెలవు.