విజిల్ ఊదిన బడిపంతుళ్ళు

అమెరికాలో హైస్కూల్ సాకర్ మ్యాచ్ చూడ్డానికి ఎప్పుడైనా వెళ్ళారా? వెళ్ళుంటే ఒక మాట మీ చెవిన పడే ఉంటుంది. "ఈ రెఫరీకి కళ్ళు కనపడవా?" అని. ఓడుతున్న జట్టు తల్లిదండ్రులు ఎలాగూ అంటారు. చిత్రమేంటంటే గెలుస్తున్న జట్టు వాళ్ళూ అంటారు! స్కూల్ స్థాయిలో రెఫరీయింగ్ నాసిరకంగా ఉందన్న ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలకీ ఎప్పుడూ తగాదా లేదు.

ఆ మాటలో నిజం లేదని నేననను. స్కూల్ మ్యాచుల్లో తప్పుడు నిర్ణయాలు బోలెడు కనిపిస్తాయి. కానీ సాఫ్ట్‌వేర్ పనిలో మాకు ఒక అలవాటు ఉంటుంది. ఒకే రకం తప్పు మళ్ళీ మళ్ళీ జరుగుతుంటే దాన్ని చేసిన మనిషిని కాకుండా, ఆ మనిషి చేతికి మనమేం ఇచ్చామో ముందు చూస్తాం. అదే దృష్టితో ఫుట్‌బాల్ రెఫరీల చరిత్ర తిరగేస్తే నాకు రెండు సంగతులు తేలాయి. ఒకటి, రెఫరీయింగ్ బాగుపడిన ప్రతిసారీ మారింది రెఫరీ కళ్ళు కాదు, ఏర్పాట్లు. రెండోది, ఆ ఏర్పాట్లలో చాలా ముఖ్యమైనవి రెండు, బడిపంతుళ్ళ బుర్రలోంచి వచ్చినవి. అలాంటిది బడి పిల్లల ఆటకే ఇవాళ అరకొర ఏర్పాట్లు మిగిలాయి. నా బాధంతా అదే.

సరే, మొదట్నుంచీ చూద్దాం.

నేటి ఫుట్‌బాల్ పుట్టిందే ఇంగ్లండ్ బడుల్లో. ఏ బడి రూల్సు ఆ బడివి. 1845లో రగ్బీ స్కూల్లో ముగ్గురు పెద్ద విద్యార్థులు కూర్చుని తమ ఆటకి 37 నియమాలు రాశారు. అందులో తగువు తీర్చే అధికారం ఎవరికిచ్చారో తెలుసా? రెండు జట్ల నాయకులకే. అంటే ఆడేవాళ్ళే జడ్జీలన్నమాట. ఈటన్ స్కూల్ వాళ్ళు 1840లలోనే పక్షానికొకరు చొప్పున అంపైర్లని పెట్టుకున్నారు. 1863లో లండన్లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టి 13 నియమాలు అచ్చేసింది గానీ, వాటిలో రెఫరీ ఊసే లేదు. పెద్దమనుషులు ఆడే ఆటలో మధ్యవర్తి ఎందుకు అనుకున్నారు కాబోలు.

అయితే పోటీ అన్నాక పెద్దమనిషితనం ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి? 1871లో ఎఫ్.ఏ. కప్ మొదలైంది. 1872 మార్చి 16న జరిగిన మొదటి ఫైనల్‌కి ఇద్దరు అంపైర్లు, వాళ్ళ పైన ఒక రెఫరీ ఉన్నారు. ఆట నియమాల్లో అంపైర్ల ప్రస్తావన 1874లో, రెఫరీ ప్రస్తావన 1881లో వచ్చాయి. ఆ రోజుల్లో రెఫరీ మైదానం లోపల ఉండడు, గీత బయటే! అంపైర్లిద్దరికీ పొత్తు కుదరకపోతే అప్పుడు ఆయన్నడిగేవాళ్ళు. అదీ ఆటగాళ్ళు క్రికెట్‌లో లాగా అప్పీల్ చేస్తేనే. ఎవరూ అడక్కపోతే తప్పు జరగనట్టే లెక్క. గొంతు పెద్దదైన జట్టుకి లాభం.

ఇది నడవదని 20 ఏళ్ళలోనే తేలిపోయింది. 1891లో రెఫరీని గీత దాటించి మైదానం మధ్యలోకి తెచ్చారు. అంపైర్లు లైన్స్‌మెన్ అయ్యారు. 1894లో అప్పీల్‌తో పనిలేకుండా నిర్ణయం చెప్పే పూర్తి అధికారం రెఫరీకిచ్చారు. 1890 నాటి రెఫరీ, 1895 నాటి రెఫరీ ఒకే మనిషి అయ్యుండొచ్చు. అయినా రెండోవాడు మెరుగు. ఎందుకంటే బంతికి దగ్గరగా ఉన్నాడు, ఎవరో అరిచేదాకా ఆగక్కర్లేదు.

పెనాల్టీ కిక్ కూడా 1891లో వచ్చిందే. ఐర్లండ్‌లోని మిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో విలియం మెక్రమ్ అని ఒక గోల్‌కీపర్ ఉండేవాడు. గోల్ పడబోతుంటే కావాలని అడ్డుతగిలి, తేలికపాటి శిక్షతో బయటపడే ఆటగాళ్ళని చూసి విసిగి ఈ ఉపాయం చెప్పాడు. మొదట్లో ఇంగ్లండ్ దొరబాబులకి ఇది అస్సలు నచ్చలేదు. జెంటిల్మన్ కావాలని ఫౌల్ చేస్తాడా, అలాంటి నియమం పెట్టడమే అవమానం అన్నారు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ నియమం చేసిన పని చూడండి. అంతకుముందు రెఫరీ ఫౌల్‌ని పట్టుకున్నా లాభం అంతంతమాత్రం. పెనాల్టీ వచ్చాక, పట్టుకుంటే దానికొక బరువు వచ్చింది.

ఇక మొదటి పంతులుగారి దగ్గరికొద్దాం. స్టాన్లీ రౌస్. వాట్‌ఫర్డ్ గ్రామర్ స్కూల్లో ఆటల మాస్టారు. రెఫరీగా పైపైకి వెళ్ళి 1934 ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌కి విజిల్ ఊదాడు. తర్వాత 1961 నుంచి 1974 దాకా ఫిఫా అధ్యక్షుడు. రాజకీయంగా ఆయన మీద విమర్శలు బోలెడున్నాయి, అవిప్పుడు వద్దు. ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి గురించి చెప్పుకోవాలి. రెఫరీ ఎలా పరిగెత్తాలి అన్నదానికి ఒక దారి గీశాడు. మైదానంలో ఒక మూల నుంచి ఎదురు మూలకి ఐమూలగా తిరగాలి. ఇద్దరు లైన్స్‌మెన్ చెరో పక్క గీత మీద, చెరో సగంలో ఉంటారు. అప్పుడు ఆట ఎక్కడ జరిగినా అటు రెఫరీ, ఇటు లైన్స్‌మన్, మధ్యలో బంతి. రెండు వైపుల నుంచీ చూపు పడుతుంది. ఈనాటికీ ప్రపంచమంతా మూలసూత్రం అదే. ఆ 1930ల్లోనే, చిందరవందరగా ఉన్న ఆట నియమాలని వరసగా పేర్చి తిరగరాసింది కూడా రౌసే. ఆ ప్రతి 1938లో అమల్లోకొచ్చింది. పిల్లలకి పాఠం చెప్పే మనిషి కదా, అర్థమయ్యేలా రాయడం చేతనైంది.

రెండో పంతులుగారు కెన్ ఆస్టన్. లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో ఒక బడికి హెడ్మాస్టరు. 1962 ప్రపంచ కప్‌లో చిలీ, ఇటలీ మ్యాచ్ ఈయన నెత్తిన పడింది. దాన్ని ఇప్పటికీ 'శాంటియాగో యుద్ధం' అంటారు. తన్నుకున్నారు, గుద్దుకున్నారు, పోలీసులు మైదానంలోకి రావాల్సొచ్చింది. ఆస్టన్ ఇద్దరు ఇటలీ వాళ్ళని బయటికి పంపాడు. గుద్దులు గుద్దిన చిలీ ఆటగాడు లియొనెల్ శాంచెజ్ మాత్రం చివరిదాకా మైదానంలోనే ఉన్నాడు. ప్రపంచంలోని మేటి రెఫరీల్లో ఒకడు, ప్రపంచ కప్ మ్యాచ్, ఇద్దరు లైన్స్‌మెన్. అయినా ఇదీ సంగతి. స్కూల్ గ్రౌండ్‌లో రెఫరీ మీద అరిచే ముందు ఈ ఒక్క మ్యాచ్ గుర్తు చేసుకోవాలి.

నాలుగేళ్ళ తర్వాత, 1966లో వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్. జర్మన్ రెఫరీ క్రైట్లైన్ అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ని పొమ్మన్నాడు. ఆయన భాష ఈయనకి రాదు, ఈయన భాష ఆయనకి రాదు. రాటిన్ కదలడు. ఆ ప్రపంచ కప్‌లో రెఫరీల బాధ్యత చూస్తున్న ఆస్టన్ స్వయంగా దిగి సర్దిచెప్పాల్సి వచ్చింది. పైగా అదే మ్యాచ్‌లో చార్ల్‌టన్ అన్నదమ్ములిద్దర్నీ రెఫరీ హెచ్చరించాడని పేపర్లో చూసి ఇంగ్లండ్ వాళ్ళే ఆశ్చర్యపోయారట! హెచ్చరిక అందుకున్నవాడికే ఆ సంగతి తెలియదు. ఆస్టన్ కారు నడుపుకుంటూ వెళ్తుంటే ట్రాఫిక్ లైటు పసుపు నుంచి ఎరుపుకి మారింది. పసుపంటే జాగ్రత్త, ఎరుపంటే ఇక చాలు. ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. అలా పుట్టిన కార్డులు 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో మొదటిసారి అమలయ్యాయి. ఆ టోర్నీలో ఒక్క రెడ్ కార్డూ బయటికి రాలేదు.

గమనించారా? ఆస్టన్ రెఫరీలకి "ఇంకా గట్టిగా చెప్పండి" అని క్లాసు పీకలేదు. జేబులో పెట్టుకునే రెండు అట్టముక్కలిచ్చాడు, అంతే.

బడిపంతుళ్ళంటే మన హైదరాబాద్ పంతులుగారిని తలచుకోకపోతే ఎలా? సయ్యద్ అబ్దుల్ రహీం. మనదేశానికి 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కోచ్. కోచ్ కాకముందు హైదరాబాద్ బడుల్లో మాస్టారు. ఆయన రెఫరీయింగ్ గురించి ఏదో చేశాడని కాదు గానీ, దారి మాత్రం అదే. మనవాళ్ళు బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని కూర్చుంటుంటే ఆయన డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు నడిపాడు. ఒక్క కాలే వాడుతుంటే బలహీనమైన కాలితోనే ఆడాలన్న టోర్నమెంట్లు పెట్టాడు. తిట్టడం కన్నా ఆట షరతులు మార్చడం మేలని మాస్టార్లకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఇప్పుడు తిరిగి అమెరికా బడికి వద్దాం. ఈ రెంటికీ మధ్య వంతెన కూడా ఆస్టన్ మాస్టారే. రెఫరీగా విశ్రాంతి తీసుకున్నాక ఆయన చాలా ఏళ్ళు అమెరికా వచ్చిపోతూ, ఏ.వై.ఎస్.ఓ. అనే పిల్లల సాకర్ సంస్థ రెఫరీలకి శిక్షణ ఇచ్చాడు. 2001లో పోయాడు.

ఇక్కడ హైస్కూల్ ఆటలకి నియమాలు రాసేది 1920లో పుట్టిన ఒక జాతీయ సమాఖ్య, ఎన్.ఎఫ్.హెచ్.ఎస్. ప్రపంచమంతా వాడే నియమాల పుస్తకం ఒకటి, హైస్కూల్ పుస్తకం ఇంకొకటి. ఇక్కడ 80 నిమిషాల ఆట. గడియారం స్కోర్‌బోర్డు మీద వెనక్కి తిరుగుతుంది. బయటికెళ్ళిన ఆటగాడు మళ్ళీ లోపలికి రావొచ్చు. శనాదివారాలు క్లబ్ మ్యాచ్‌కి ఒక పుస్తకం, మంగళవారం స్కూల్ మ్యాచ్‌కి ఇంకో పుస్తకం. రెంటికీ రెఫరీ తరచుగా ఒకడే. తికమక పడడా మరి?

అంతకన్నా పెద్ద సంగతి, రౌస్ మాస్టారి పద్ధతే కాకుండా ఇద్దరే రెఫరీలతో మ్యాచ్ నడిపే పద్ధతిని కూడా హైస్కూల్ పుస్తకం ఒప్పుకుంటుంది. లైన్స్‌మెన్ ఉండరు, ఇద్దరి దగ్గరా విజిల్ ఉంటుంది. మనుషులు దొరకనప్పుడు ఇదే గతి. మా పిన్ని కొడుకు ఇక్కడ హైస్కూల్లో ఆడతాడు. వాడి మ్యాచ్ ఒకటి ఇలా ఇద్దరితోనే నడిచింది. నా పక్కన కూర్చున్న మన తెలుగాయన ప్రతి ఐదు నిమిషాలకీ "ఆఫ్‌సైడ్ కదండీ అది, గుడ్డివాడు" అంటున్నారు. మర్యాదగానే అడిగాను, "అంకుల్, పాస్ ఇచ్చిన క్షణాన మీరు పాస్ ఇచ్చినవాణ్ణి చూశారా, ముందున్నవాణ్ణి చూశారా?" అని. ఆయన కాసేపు ఆలోచించి "బంతిని చూశానయ్యా" అన్నారు. అంతే కదా మరి! ఆఫ్‌సైడ్ అంటే ఒకే క్షణంలో రెండు చోట్ల చూడాలి. అందుకే లైన్స్‌మన్‌ని డిఫెండర్‌తో సమంగా నిలబెడతారు. ఆ మనిషిని తీసేసి, ముందున్న రెఫరీనే ఆఫ్‌సైడ్ గీతా చూడు, పెనాల్టీ బాక్స్‌లో తోపులాటా చూడు అంటే, అది 1891కి ముందుకి సగం దూరం వెనక్కి నడవడమే.

మరి మనుషులెందుకు దొరకట్లేదు? 2018-19 నుంచి మూడేళ్ళలో అన్ని ఆటలూ కలిపి దాదాపు 50 వేల మంది హైస్కూల్ అఫీషియల్స్ మానేశారని ఆ సమాఖ్యే చెప్పింది. కోవిడ్ ఒక కారణం. కానీ కోవిడ్‌కి ముందే, 2017లో అమెరికా అఫీషియల్స్ జాతీయ సంఘం 17 వేల మందికి పైగా అడిగితే, అందరికన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఎవరంటే తల్లిదండ్రులనే జవాబు ముందు నిలిచింది. కోచ్‌లు ఆ తర్వాతే. అంటే చూడండి, మనం అరుస్తాం, అరిస్తే కొత్తవాళ్ళు మానేస్తారు. మానేస్తే ఇద్దరే మిగులుతారు, ఇద్దరే ఉంటే తప్పులు పెరుగుతాయి, పెరిగితే మనం ఇంకా అరుస్తాం. రెఫరీకి పదేళ్ళ అనుభవం కావాలంటాం, మొదటి ఏడాదే తరిమేస్తాం. ఆడలేక మద్దెల ఓడు అనడం పాత సామెత. ఇక్కడ మద్దెలకి మనమే చిల్లు పెడుతున్నాం.

దీనికి మందు లేదా అంటే ఉంది, చరిత్ర చెప్పిన దారిలోనే. ఇంగ్లండ్‌లో 2017 నుంచి 31 చిన్న లీగుల్లో ఒక ప్రయోగం చేశారు. రెఫరీతో వాదిస్తే 10 నిమిషాలు బయట కూర్చోవాలి. ఆ లీగుల్లో వాదించడం 38 శాతం తగ్గిందని లెక్క తేలింది. 2019-20 సీజన్ నుంచి కింది స్థాయి లీగులకి విస్తరించారు. ఎవరికీ నీతిబోధ చెయ్యలేదు, షరతు మార్చారంతే. 2024 యూరో కప్‌లోనైతే కెప్టెన్ తప్ప వేరెవరూ రెఫరీతో మాట్లాడకూడదన్న పద్ధతి పెట్టారు. 1845లో రగ్బీ స్కూల్ పిల్లలు తగువులన్నీ నాయకులకే వదిలేశారని చెప్పుకున్నాం కదా, అందులోని సగం తెలివి 179 ఏళ్ళకి తిరిగొచ్చింది.

స్కూల్ మ్యాచులకి నేను కోరేది కూడా ఇలాంటి చిన్న ఏర్పాట్లే. ప్రతి మ్యాచ్‌కీ ముగ్గురు. కొత్త రెఫరీ మొదటి సీజన్ అంతా పక్కన ఒక పాత రెఫరీ. స్కూల్ సీనియర్ జట్టు పిల్లలు ఏడాదికి కొన్ని చిన్నపిల్లల మ్యాచులకి విజిల్ ఊదాలన్న నియమం. ఒక్కసారి ఊదినవాడు మళ్ళీ జన్మలో రెఫరీని గుడ్డివాడనడు. వాళ్ళలో నలుగురికి ఆ పని నచ్చినా రేపటికి నలుగురు రెఫరీలు దొరికినట్టే. తల్లిదండ్రులకి మాత్రం ఒక్కటే విన్నపం. మీ పిల్లాడి లెక్కల మాస్టారు బోర్డు మీద ఒక తప్పు రాస్తే కిటికీలోంచి కేకలేస్తారా? ఆ మైదానం కూడా క్లాసురూమే, ఆ విజిల్ పట్టుకున్న మనిషీ మాస్టారే.