అవ్వల పాటలు - అణునౌకలు

యుద్ధనౌకను పాటతో ఎదిరింపవచ్చునా? ప్రశ్న వినుటకే నవ్వు వచ్చును. అయినను 1987వ సంవత్సరమున కెనడా దేశపు పడమటి తీరమున వయసు మీరిన స్త్రీలు కొందరు ఆ పనికే పూనుకొనిరి. ఆ నవ్వునే తమ సాధనముగా జేసికొనిరి. వారి చరిత్రను సంగ్రహముగా మనవి చేయుదుము.

వాంకూవర్ దీవి దక్షిణపు కొన యందు విక్టోరియా నగరమున్నది. అది బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమునకు రాజధాని. నగరము ప్రక్కనే ఎస్క్విమాల్ట్ అను నౌకాదళ స్థావరము కలదు. ప్రచ్ఛన్న యుద్ధపు చివరి సంవత్సరములలో అమెరికా యుద్ధనౌకలు ఆ రేవునకు వచ్చి పోవుచుండెడివి. వానిలో కొన్ని అణుశక్తిచే నడచునవి. వానిపై అణ్వస్త్రములు కలవా యని అడిగినచో, కలవనియు చెప్పకుండుట, లేవనియు చెప్పకుండుట అమెరికా నౌకాదళపు విధానము. 1986 ఏప్రిల్ 26వ తేదీన చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రమున జరిగిన పేలుడు అప్పటికి ఎవరి మనస్సునుండియు చెదరలేదు. అట్టి ప్రమాదము తమ రేవులోనే జరిగినచో ఊరి గతి యేమి? పిల్లల గతి యేమి? విక్టోరియా స్త్రీలను వీధికి తెచ్చిన ప్రశ్న యిది.

వారిలో పలువురు యాభై, అరవై యేండ్ల వయసువారు. శాంతి సభలకు పోయినవారే. వినతిపత్రములపై చేవ్రాలు చేసినవారే. కాని శాంతిని గూర్చిన సభలలో సైతము వయసు మీరిన స్త్రీ మాటకు విలువ తక్కువగా నుండెను. తేనీరు అందించుటకు ఆమె కావలెను. ఆలోచన చెప్పుటకు అక్కరలేదు. ఈ చిన్నచూపును వారు సహింపలేదు. మొదట తెల్లకోటులు ధరించి, శాస్త్రజ్ఞుల వేషము కట్టి, వంటింటి పీల్చుగొట్టములతో వీధిగుంటలలోని నీటిని తీసి, అణుధార్మికత యున్నదేమో యని పరీక్షించునట్లు నటించిరి. చూచినవారు నవ్విరి, నవ్విన పిదప ఆలోచించిరి.

1987 ఫిబ్రవరి 14వ తేదీ పాశ్చాత్యులకు ప్రేమికుల పండుగ. ఆనాడు ఈ స్త్రీలు తమ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు, పార్లమెంటు రక్షణ సంఘాధ్యక్షుడు నగు పాట్ క్రాఫ్టన్ కార్యాలయమునకు పోయిరి. అణ్వస్త్రముల విషయమున ఆయన ఉదాసీనతకు కానుకగా పగిలిన హృదయపు బొమ్మను సమర్పించిరి. చిల్లులు పడిన గొడుగు క్రింద నిలిచి పాట పాడిరి. అగ్రరాజ్యపు ‘అణుఛత్రము’ మనలను కాపాడునని నాయకులు చెప్పుచుండగా, ఆ గొడుగు ఎట్టిదో వారు కన్నులకు గట్టించిరి. తమకు వారు పెట్టుకొన్న పేరు ‘రేజింగ్ గ్రానీస్’. మన మాటలో మండిపడు అవ్వలు.

పూలు గుచ్చిన పాతకాలపు టోపీ, భుజమున శాలువ, నడుమున వంటింటి గుడ్డ, ఇవి వారి వేషము. అవ్వ అనగా మూల గూర్చుండి అల్లిక అల్లు సాధుజీవి యని లోకము తలచును గదా! ఆ తలపునే వేషముగా తొడిగికొని, లోకమునకు వారు ఎదురు తిరిగిరి. యురేనియము గనులను గూర్చి విచారణ జరిగినప్పుడు లోదుస్తులు వ్రేలాడిన బట్టలత్రాడును తీసికొనిపోయిరి. ఇంగ్లీషున వినతిపత్రమునకును, లోదుస్తునకును ‘బ్రీఫ్’ అను మాట యొకటియే చెల్లును.

వారి పాటల నిర్మాణము సులభము. అందరెరిగిన పాత వరుస తీసికొని, అందు క్రొత్త మాటలు పొదుగుదురు. మన స్వరాజ్యోద్యమ కాలపు పాటల పుస్తకములలో ‘ఫలాని పాట వరుస’ అని పైన అచ్చువేయుట శ్రోతలలో పెద్దలకు జ్ఞాపకముండవచ్చును. వరుస తెలిసినదైనచో గుంపు వెంటనే గొంతు కలుపును. ఇక ఎత్తిపొడుపు సంగతి మన పెండ్లిండ్ల వియ్యపురాలి పాటలను విన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నిండు పందిరిలో నవ్వుచు అన్న మాటకు కోపపడినవారే ఓడినవారు. వారి కంఠములు మా వంటివారి స్వరపరీక్షకు నిలువవేమో. శ్రుతి కుదరకపోవుటను గూర్చి వారే పరిహాసమాడుకొందురు.

విక్టోరియాలో పుట్టిన ఈ బృందము ఇతర నగరములకును, అమెరికాకును వ్యాపించెను. 1993వ సంవత్సరమున క్లేయోక్వాట్ సౌండ్ ప్రాంతపు ప్రాచీనారణ్యములను నరికివేయుటకు వ్యతిరేకముగా జరిగిన ఉద్యమములోను వారు నిలిచిరి. 2005 జూలైలో అమెరికాలోని టూసాన్ నగరపు అవ్వలు సైన్యములో చేర్చుకొనువారి కార్యాలయమునకు పోయి, మనుమలను ఇంటికి పంపి మమ్ము ఇరాక్ యుద్ధమునకు పంపుడని కోరిరి. వారిపై చొరబాటు నేరము మోపి, తరువాత ఉపసంహరించిరి. ఆ యేడే కాలిఫోర్నియా రాష్ట్రపు నేషనల్ గార్డు, మాతృదినోత్సవమున శాక్రమెంటోలో ఈ అవ్వలును పాల్గొన్న యుద్ధవ్యతిరేక సభపై కన్నువేసి యుంచినట్లు బయటపడెను. దానిపై విచారణ జరిగెను. ఆయుధములు గల దళము అవ్వల పాటను కనిపెట్టి యుండవలసి వచ్చినదన్నచో, ఆ పాట కేవలము వినోదము కాదని దళమే ఒప్పుకొన్నట్లు గదా!

ఇంతకును పాట నౌకను ఆపినదా? 1991 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ ఉపరితల నౌకలనుండి అణ్వస్త్రములను తొలగింతుమని ప్రకటించెను. అది సోవియట్ రాజ్యమున వచ్చిన మార్పుల ఫలితము. అవ్వల విజయమని చెప్పుట చరిత్రకు న్యాయము కాదు. అణుశక్తితో నడచు నౌకల రాకపోకలు అటుపిమ్మటను ఆగలేదు. అయినను, రేవులో నున్న దానిని గూర్చి ఊరివారికి చెప్పనక్కరలేదని అధికారులు మౌనము వహించిన దినములలో, ఆ మౌనమును నలుగురు నవ్వుకొను వస్తువుగా చేసినవారు వీరు. నవ్విన మనిషికి భయము కొంత తీరును. భయము తీరినవాడు ప్రశ్న అడుగును. తేనీరు అందించుటకే పనికివత్తురని తలపబడినవారు నేర్పిన పాఠమిది.