తిరుపతిలో తైవాన్ టీ: ఆ నల్ల గుండ్లు యాడివి?

పోయిన ఆదివారం మా అక్కకి డ్యూటీ లేదు. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో లైన్ మీద పనిచేస్తుంది, హాస్టల్లో ఉంటుంది. నెలకొకసారి తిరుపతికి వస్తే ఇద్దరం బయట తింటాం. ఎప్పుడూ బిర్యానీయే. ఈసారి ఎయిర్ బైపాస్ రోడ్డులో బబుల్ టీ బోర్డు చూసి ఆగింది. "మా కాడ తైవాన్ సార్లు ఉండారు గదరా, వాళ్ళ టీ ఏందో చూద్దాం పా" అనింది.

చికెన్ రైస్ బౌల్ ఒకటి చెప్పి పంచుకున్నాం. దాని గురించి చెప్పడానికేం లేదు, మామూలుగానే ఉంది. తర్వాత టీ వచ్చింది. పెద్ద గ్లాసు, ఐసు, లావుపాటి స్ట్రా, అడుగున నల్లటి గుండ్లు. అక్క ఒక గుక్క పీల్చి, నమిలి, "ఒరే, ఇది చల్లారిపోయిన సగ్గుబియ్యం పాయసం గదరా" అనింది.

నవ్వినాను. ఇంటికొచ్చి చదివితే అక్క చెప్పింది నిజమే.

ఆ గుండ్లు కర్రపెండలం పిండితో చేస్తారు. మన సగ్గుబియ్యమూ దాంతోనే. నల్లరంగు బెల్లంలాంటి ముదురు చక్కెర పాకంది. కర్రపెండలం దక్షిణ అమెరికా పంట, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి చేరింది. 1880లలో తిరువాన్కూరు రాజు విశాఖం తిరునాళ్ దాన్ని పండించమని జనాన్ని ప్రోత్సహించినాడు. కానీ అప్పటికి సగ్గుబియ్యం వేరే. అసలు సగ్గు అంటే తాటిజాతి చెట్టు మానులోంచి తీసే పిండి. 'సాగు' అనేది మలయ్ మాట. నగరి, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్ళల్లో జవ్వరిసి అంటారు చూడండి, అది జావా అరిసి, అంటే జావా బియ్యం అని చెబుతారు. ఆ సరుకు ఓడల్లో వచ్చేది.

1942లో జపాన్ సైన్యం మలయా, సింగపూర్‌లను పట్టుకునింది. ఓడలు ఆగిపోయినాయి. మరుసటి ఏడే సేలంలో వ్యాపారులు కర్రపెండలం పిండితో గుండ్లు చేయడం మొదలుపెట్టినారు. మన అవ్వలు ఎండలో పోసిన వడియాల వెనక ఒక ప్రపంచ యుద్ధం ఉందన్నమాట.

ఇక టీ. తైవాన్‌లో ముందునుంచీ ఉన్నది చైనా నుంచి వచ్చిన ఊలాంగ్. 1869లో జాన్ డాడ్ అనే బ్రిటిష్ వ్యాపారి, లీ చున్‌షెంగ్ కలిసి దాన్ని న్యూయార్క్‌కి పంపినారు. 1895లో తైవాన్ జపాన్ చేతికి పోయింది. బ్రిటిష్‌వాళ్ళ నల్ల టీకి ఉన్న గిరాకీ చూసి, జపాన్‌వాళ్ళు 1925 ప్రాంతంలో మన అస్సాం టీ విత్తనాలు తెచ్చి సన్ మూన్ సరస్సు చుట్టుపక్కల నాటించినారు. బబుల్ టీకి అలవాటైన నల్ల టీ రుచి ఆ దారిలోదే.

రెండూ ఒకే గ్లాసులో పడింది 1980లలో. తైచుంగ్‌లోని చున్ షుయ్ టాంగ్ అనే టీ షాపులో లిన్ షియుహ్వే అనే ఉద్యోగి, గుండ్లతో చేసిన తీపిని టీలో కలిపి చూసిందట. కాదు మేమే ముందని తైనాన్‌లోని హాన్‌లిన్ టీ రూమ్ అనింది. పదేళ్ళు కోర్టులో కొట్లాడినారు. 2019లో కోర్టు తేల్చింది ఏందంటే, దీనికి పేటెంట్ లేదు, ఎవరైనా చేసుకోవచ్చు, కాబట్టి ఎవరు ముందనేది అనవసరం. ఇంకో సంగతి, 'బబుల్' అంటే ఈ గుండ్లు కాదు. టీని గిలక్కొట్టినప్పుడు పైన వచ్చే నురగ. మన టీ అంగట్లో ఎత్తి పోసే నురగ లాంటిదే.

తైవాన్ మన జిల్లాకి మొదట వచ్చింది మాత్రం గ్లాసులో కాదు. తడ దగ్గర మాంబట్టులో అపాచీ వాళ్ళు అడిడాస్ బూట్లు కుట్టిస్తారు, అది తైవాన్ కంపెనీ. 2015 ఆగస్టులో షావోమీ ఇండియాలో చేసిన తొలి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ బయటికొచ్చింది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటు నుంచే, అదీ తైవాన్‌దే. ఆ లైన్ల మీద నిలబడేది ఎక్కువగా మన పల్లెల ఆడపిల్లలు. మా అక్క లాంటోళ్ళు.

"మీ సార్లు ఇదే తాగుతారా?" అని అడిగినాను.

"యాడ తాగుతారు? బాటిల్లో ఆకు వేసి వేన్నీళ్ళు పోసుకుంటారు. పాలు లేవు, చక్కెర లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. ఇది పిలకాయల కోసంరా" అనింది.

బిల్లు అక్కే కట్టింది. కట్టే ముందు ఫోన్లో ఏదో లెక్క వేసింది. ఇది ఎన్ని గంటల పనో చూసుకుంటున్నట్టుంది. ఎంత వచ్చిందో నాకు చెప్పలేదు. నేను లేస్తుంటే కూర్చోమనింది. గ్లాసు అడుగున నాలుగు గుండ్లు అంటుకోని ఉన్నాయి. స్పూన్ తెప్పించుకుని, బస్సుకి టైమవుతున్నా, ఒక్కొక్కటే తీసి తినింది.